ఓడ మీద మాట్లాడుకుందాం

పిల్లలు నీళ్ళలో పడిపోతారేమోనని కాదు, నీళ్ళలో పోసేస్తారేమోనని ఓడవాళ్ళకి భయం. డైపర్ వదలని పిల్లల్ని ఈతకొలనులోకి దిగనివ్వరు. ఈత కోసం వేసే డైపర్ అయినా సరే, ఒప్పుకోరు. పిల్లల్ని ఆడించే క్లబ్బులోకీ రానివ్వరు. ఈ సంగతి మా అత్తగారు బెవ్ సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా వెనక వరండాలో కూర్చుని, సాసేజీ తింటూ చెప్పింది. మా చిన్నవాడు కోబీ అప్పుడు ఆవిడ కుర్చీ వెనక్కి చేరి, మొహం ఎర్రగా చేసుకుని, సరిగ్గా ఆ పనిలోనే ఉన్నాడు.

"ఓడ ఎక్కేలోపు వీడికి మాన్పించెయ్ తల్లీ," అంది ఆవిడ. "మూడున్నరేళ్ళొచ్చాయి. గ్లెన్‌కి నేను ఏడాదిన్నరకే మాన్పించేశాను."

ఏడాదిన్నరకి మాన్పించడమంటే బట్టల్లేకుండా పెరట్లో వదిలేసి, సాయంత్రం మొక్కలకి పెట్టే గొట్టంతో కడిగి లోపలికి తేవడమని గ్లెన్ వాళ్ళక్క నాకు ఎప్పుడో చెప్పింది. నేను కోబీని చంకనేసుకుని బాత్రూములోకి తీసుకెళ్ళాను.

బెవ్‌కి ఆ డిసెంబరులో డెబ్భై నిండుతాయి. మామగారు పోయినప్పటి నుంచీ ఆవిడకి ఓడ ప్రయాణాలు అలవాటయ్యాయి. ఏటా ఒకసారి వెళ్ళొచ్చి, ఏ అంతస్తులో ఐస్‌క్రీం ఊరికే ఇస్తారో, ఏ బల్ల దగ్గర కూర్చుంటే వడ్డించేవాళ్ళు ముందొస్తారో అన్నీ చెప్పేది. ఈసారి పుట్టినరోజుకి మేమూ రావాలని పట్టుబట్టి, మమ్మల్ని అడక్కుండా ఆగస్టులోనే మాకొక నాలుగు బెర్తుల గది తీసేసింది. బ్రిస్బేన్ రేవులో ఎక్కి, ద్వీపాలు చుట్టి, మళ్ళీ బ్రిస్బేన్‌లో దిగడం.

నాకు ద్వీపాలు అక్కర్లేదు. నాకు కావలసింది ఆ పిల్లల క్లబ్బు.

గ్లెన్ బొగ్గుగనిలో ఫిట్టరు. రెండు వారాలు అక్కడి క్యాంపులో ఉంటాడు, ఒక వారం ఇంట్లో ఉంటాడు. మా ఊరు డిసెప్షన్ బేలో, మా వీధిలో సగం ఇళ్ళు ఇంతే. విమానం దిగి ఇంటికొచ్చాక రెండు రోజులు నిద్రపోతాడు. తరవాత పచ్చిక కోస్తాడు, కారు చూస్తాడు, వాననీటి గొట్టాల్లో ఆకులు తీస్తాడు. ఆఖరి రోజు మళ్ళీ బ్యాగు సర్దుకుంటాడు. ఈ మధ్యలో మేమిద్దరం మాట్లాడుకునేది చెత్తబుట్ట బయట పెట్టావా, టిల్లీ చెవిలో మందు వేశావా, అంతవరకే. ఆ ఏడాది చలికాలంలో, అంటే మాకు జూన్ జూలైల్లో, నేను ఒక మాట గట్టిగా అడిగాను. పక్కనే రెడ్‌క్లిఫ్ బస్సు డిపోలో మెకానిక్ కావాలంటున్నారు, క్రిస్మస్ దాకా చూస్తారట, గని మానేసి ఇంటికొచ్చెయ్యమన్నాను. గనివాళ్ళేమో ఇంకో రెండేళ్ళు ఉంటావా లేదా అని ఇతన్ని అడుగుతున్నారు. గ్లెన్ అవుననడు, కాదనడు. పిల్లలుండగా ఇలాంటివి ఎలా మాట్లాడతామనేవాడు. పిల్లలు పడుకున్నాక అడిగితే ఆవలించేవాడు.

ఆ ఆదివారం వాళ్ళమ్మ వెళ్ళిపోయాక, గిన్నెలు తుడుస్తూ తనే అన్నాడు. "ఓడ మీద మాట్లాడుకుందాం నరెల్. మధ్యాహ్నాలు పిల్లలిద్దరూ క్లబ్బులో ఉంటారు. మనిద్దరమే కూర్చుని తేల్చేద్దాం."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత స్పష్టంగా ఒక తారీఖు చెప్పడం అదే మొదలు. అందుకే ఆ వసంతమంతా నేను ఒక మూడున్నరేళ్ళవాడి డైపర్‌తో యుద్ధం చేశాను.

*

మొదట్లో బాగానే సాగింది. పిల్లలు కూర్చునే పాటీ కొన్నాను. తిమింగలాల బొమ్మలున్న చెడ్డీలు కొన్నాను. ఫ్రిజ్ మీద ఒక అట్ట అంటించి, పాటీలో పోసిన ప్రతిసారీ ఒక నక్షత్రం అతికించుకోమన్నాను. కోబీ నక్షత్రాల కోసం గుక్కెడు నీళ్ళు తాగడం, చుక్క పోయడం, మళ్ళీ తాగడం మొదలుపెట్టాడు. ఇలా అయితే వారంలో నక్షత్రాలు అయిపోతాయని నవ్వుకున్నాను.

మిగతా తయారీ కూడా నెత్తికెత్తుకున్నాను. బెవ్ కొలతలు చెబితే ముందుగదిలో తివాచీ మీద టేపుతో ఓడగది గీశాను. భోజనాలయ్యాక కాసేపు పిల్లలిద్దరూ ఆ గీతల్లోపలే ఉండాలి, అంత చిన్నచోట కొట్టుకోకుండా ఉండడం నేర్చుకోవాలి. మొదటి సాయంత్రమే అయిదేళ్ళ టిల్లీ తలుపెక్కడుందని అడిగింది. చూపించాను. "అయితే తాళం వెయ్యమ్మా, వాడు సముద్రంలోకి వెళ్ళిపోతున్నాడు," అంది. వాడు నిజంగానే టేపు దాటి, బిస్కత్తుల డబ్బా కోసం వంటింటి వైపు వెళ్ళిపోతున్నాడు.

పై బెర్తు ఎక్కడం దిగడం పార్కులో నిచ్చెన మీద నేర్పాను. పక్కింటివాళ్ళ చేపల పడవలోంచి లైఫ్ జాకెట్లు అరువు తెచ్చి, గంట కొట్టగానే తొడుక్కుని వరండాలో నిలబడాలని చెప్పాను. జాకెట్‌కి ఒక ఈల ఉంటుంది. ఆ ఈల టిల్లీకి దొరికిన తరవాత మా వీధిలో కుక్కలకి కూడా తెల్లారకముందే మెలకువ వచ్చేది. బెవ్ వారానికోసారి ఏదో ఒకటి పట్టుకొచ్చేది. ఒకసారి కడుపులో తిప్పకుండా అల్లం బిళ్ళలు. ఒకసారి అయస్కాంతపు కొక్కేలు. ఓడగదుల గోడలు ఇనుమట, తడిబట్టలన్నీ గోడలకే తగిలించుకోవచ్చట. ఆవిడ వాటిని మా ఫ్రిజ్‌కి అంటించి, నక్షత్రాల అట్ట వైపు చూసి, వీడు చెడ్డీలు తడిపే వేగానికి ఇవి చాలవు, ఇంకో డజను తెస్తాననేది.

ఎందుకంటే అప్పటికి తడపడం మళ్ళీ మొదలైంది. గ్లెన్ గనికి వెళ్ళే ముందురోజు సాయంత్రం తన బ్యాగు తెచ్చి తలుపు పక్కన పెడతాడు. నాన్నకి అక్కడ తోచదని పిల్లలు అందులో ఏదో ఒకటి వేస్తారు. వాళ్ళకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటే అది. టిల్లీ బొమ్మ గీసి పెడుతుంది. కోబీ చేతికి ఏది దొరికితే అది వేసేస్తాడు: ఒక మేజోడు, కొరికిన ఆపిల్, ఓసారైతే టీవీ రిమోట్. రెండు వారాలు అది గనిలో ఉంది, నేనేమో ప్రతిసారీ లేచి వెళ్ళి టీవీ కట్టేశాను. ఆ అక్టోబరులో కోబీ బ్యాగులో ఒక బొమ్మ కారు వేశాడు. వేసి, అక్కడే నిలబడి, నిక్కరు తడుపుకున్నాడు. ఆటల్లో పడి మర్చిపోయాడనుకుని తుడిచేశాను.

*

ఈతకొలను సంగతి ఆ మర్నాడే.

గ్లెన్ మధ్యాహ్నం విమానానికి సర్దుకుంటున్నాడు. కాళ్ళకి అడ్డం లేకుండా పిల్లల్ని తీసుకుని నేనూ బెవ్ కౌన్సిల్ ఈతకొలనుకి వెళ్ళాం. ముందురోజు సాయంత్రం తప్పితే వారం పైగా కోబీ పొడిగానే ఉన్నాడు. ఓడ మీద ఎలా ఉంటాడో చూద్దామని డైపర్ లేకుండా చిన్నపిల్లల కొలనులో దింపాను. బెవ్ గట్టు మీద టోపీ పెట్టుకుని కూర్చుంది. ఎండ బాగుంది. చాలా రోజుల తరవాత నాకు కాస్త తెరిపిగా అనిపించింది.

ముందు చూసింది టిల్లీ. నా చెయ్యి లాగి, అమ్మా అది ఆకు కాదు అంది.

కాపలా అబ్బాయి ఈల వేశాడు. చిన్న కొలనులోంచీ, పక్కనున్న పెద్ద కొలనులోంచీ అందర్నీ పైకి రమ్మన్నాడు. రెండిటికీ నీళ్ళు ఒకటేనట. కొలను మందు వేసి మూసేస్తారు, మళ్ళీ రేపే. ముప్ఫై మంది పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకుని గట్టు పొడుగునా నిలబడి కోబీని చూశారు. పుట్టినరోజు బెలూన్లు పట్టుకొచ్చిన ఒకావిడ నాతో ఏమీ అనలేదు గానీ, తన కూతురితో గట్టిగా, కొంతమంది అమ్మలకి తొందరెక్కువ అంది. నేను కోబీని ఎత్తుకుని కడుగుతుంటే వాడు ఏడవలేదు. గేటు వైపు చూస్తూ నాన్న వెళ్ళిపోయాడా అని అడిగాడు. ముందు కాళ్ళు ఎడంగా పెట్టమన్నాను.

బెవ్‌కి పరువు పోయినట్టైంది. ఆ కొలనులో ఆవిడ వారానికి మూడుసార్లు వ్యాయామానికి వస్తుంది. వంగి వాడి గడ్డం పట్టుకుంది.

"ఇలాగైతే నిన్ను రేవులోనే దింపేస్తారు, తెలుసా? డైపర్‌గాళ్ళకి ఓడలో చోటు లేదు. అమ్మ వెళ్తుంది, నువ్వు ఇక్కడే ఉంటావ్."

పిల్లాడితో అలా అనకూడదని నాకు తెలుసు. కానీ తడి తువ్వాళ్ళు రెండు చేతుల్లో ఉన్నాయి, మెడ మీద ముప్ఫై మంది చూపులున్నాయి. పోనీ ఈ భయంతోనైనా నేర్చుకుంటాడేమో అనిపించింది. ఊరుకున్నాను.

ఆ వారం క్యాంపు నుంచి గ్లెన్ ఫోన్ చేసినప్పుడు చెప్పాను. వాడి మానాన వాణ్ణి వదిలెయ్, ఎప్పుడో ఒకప్పుడు వాడే మానేస్తాడన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండింది.

"నీకేం గ్లెన్, అక్కడ నీ దుప్పటి కూడా వేరేవాళ్ళు ఉతికి పెడతారు."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. తరవాత ఇద్దరం కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

*

నవంబరులో వీధంతా జకరండా పూలు రాలి జారుడుగా ఉండేది. రోజూ సాయంత్రానికి ఉరుములు. గ్యారేజీ అటక మీంచి పెద్ద సూట్‌కేసులు రెండు దింపి ముందుగదిలో తెరిచి పెట్టాను. రోజూ కొంచెం కొంచెం సర్దుకుంటే ఆఖర్న పరుగులుండవని నా ఆలోచన.

ఆ రోజు నుంచి కోబీకి పాటీ అంటే ఏమిటో తెలియనట్టు అయిపోయింది. సోఫా మీద పోశాడు. టేపు గీతల మధ్యలో పోశాడు. సూట్‌కేసు పక్కన నిలబడి, నేను చొక్కాలు మడత పెడుతుంటే నా మొహంలోకి చూస్తూ పోశాడు. నక్షత్రాలు ఇస్తానన్నాను, చాక్లెట్లు ఇస్తానన్నాను, ఈతకొలను బొమ్మలు చూపించాను. అరిచాను కూడా. మొదట్లో అరిస్తే ఏడ్చేవాడు. తరవాత ఏడుపు మానేసి, తనే వెళ్ళి తుడిచేగుడ్డ తెచ్చి నాకు అందించేవాడు. ఆ అందించడం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది. వాడు పట్టుదలతో చేస్తున్నాడనీ, మొగుడూ అత్తా కొడుకూ కలిసి ఆ మధ్యాహ్నాలు నాకు దక్కకుండా చేస్తున్నారనీ అనిపించేది. పొద్దున ఉతికినవి సాయంత్రం వానకి మళ్ళీ తడిసేవి. ఇల్లంతా అదే వాసన.

డే కేర్ టీచరు ఒకరోజు నవ్వుతూ చెప్పింది. కోబీ ఈ మధ్య మధ్యాహ్నం పడుకునే పరుపులు రాత్రిళ్ళు ఎక్కడ పెడతారని రోజూ అడుగుతున్నాడట. వాడికి ప్రతిదీ కావాలని నేనూ నవ్వాను.

ప్రయాణం డిసెంబరు మొదటి శనివారం. గ్లెన్ సెలవు పెట్టి బుధవారం వచ్చాడు. గురువారం మధ్యాహ్నం కోబీ నిద్రపోలేదు.

వాడికొక గుడ్డ ఉంది. పుట్టినప్పుడు చుట్టిన పల్చటి గుడ్డ, నలిగి నలిగి రంగు పోయింది. దాని అంచు ముక్కుకి ఆనించుకుంటే గానీ కళ్ళు మూతపడవు. దానికి బబ్బ అని పేరు పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం బబ్బ కనిపించలేదు. మంచం కింద చూశాను, కార్లో చూశాను, ఉతికే మెషిన్లో చెయ్యి పెట్టి తడిమాను. కోబీ మాత్రం దాని కోసం అడగలేదు. గోడ వైపు తిరిగి, బొటనవేలు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు.

ఆఖరికి సూట్‌కేసులో దొరికింది. నా ఈతబట్టల కింద, నాలుగు మడతలు పెట్టి ఉంది. వాడికి మడత పెట్టడం రాదు.

వెనక టిల్లీ నిలబడి ఉంది. "తియ్యకమ్మా, అది నీ కోసమే. నేనే మడత పెట్టిచ్చాను."

"నాకెందుకే?"

"ఓడ మీద నీకు నిద్ర పట్టాలిగా. వాడు రావట్లేదు కదా," అంది, నాకు తెలిసిందే మళ్ళీ చెబుతున్నట్టు. "డైపర్‌గాళ్ళు రాకూడదుగా. వాడు డే కేర్‌లో పడుకుంటాట్ట. అక్కడ పరుపులున్నాయట."

ఆ గుడ్డ చేతిలో పట్టుకుని సూట్‌కేసు పక్కన తివాచీ మీద కూర్చున్నాను. అక్కడింకా తడిగానే ఉంది. లేవాలనిపించలేదు.

*

గ్లెన్ గ్యారేజీలో ఉన్నాడు. వడగళ్ళు పడేలా ఉన్నాయని కారు లోపలికి పెట్టి, వాళ్ళమ్మ ఇచ్చిన ఓడ చీటీలు మిగతా చిన్న పెట్టెల పిడులకి కడుతున్నాడు. నేను గుడ్డ చూపించాను.

"వాడు నాకు సర్దిపెట్టాడు గ్లెన్. నీకు పెడతాడే, అలాగ."

గ్లెన్‌కి అర్థం కాలేదు. టిల్లీ చెప్పినదంతా చెప్పాను. ఆ గుడ్డ తీసుకుని చేతుల్లో తిప్పి చూశాడు. ఇది లేకపోతే పడుకోడు కదా అన్నాడు. పడుకోలేదన్నాను. బయట రేకు మీద వాన మొదలైంది. గ్లెన్ బ్యాగు తలుపు పక్కన పెట్టిన రోజుల్లో కూడా వాడు తడుపుకునేవాడన్న సంగతి అప్పుడు, అక్కడ నిలబడి చెబుతుండగానే నాకు తోచింది. అదీ చెప్పాను. ఈ ఇంట్లో పెట్టె తెరిచారంటే ఎవరో ఒకరు వెళ్ళిపోతారని వాడి లెక్క. ఇన్నాళ్ళూ నువ్వు, ఈసారి నేను.

గ్లెన్ చీటీ దారానికి ఇంకో ముడి వేశాడు. తరవాత తల ఎత్తి, డైపర్ వేసేద్దాం పాపం అన్నాడు. క్లబ్బు లేకపోతే ఏమైంది, కొలను లేకపోతే ఏమైంది, వాణ్ణి మన దగ్గరే ఉంచుకుందాం, రోజంతా మన నలుగురమే తిరుగుదాం అన్నాడు.

నేను చెప్పాలని వచ్చిన మాటే అది. కానీ తను చెబుతున్నప్పుడు మొహం చూశాను. అందులో జాలి ఉంది. జాలితో పాటు ఇంకొకటి కూడా ఉంది. రేపటి పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లాడి మొహంలో ఉంటుందే, అలాంటి తేలిక.

"గనివాళ్ళకి మాట ఇచ్చేశావా?" అని అడిగాను.

దారం వదిలేశాడు. "ఊఁ."

"ఎప్పుడు?"

"అమ్మ టిక్కెట్లు తీసిన వారం."

వాన చప్పుడులో సరిగ్గా వినపడలేదనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. రెండేళ్ళు. డిపోవాళ్ళకి రానని కూడా చెప్పేశాడు. ఇంట్లో అందరి మధ్య చెప్పలేక ఆగాడట. ఓడ మీదైతే తీరిగ్గా చెప్పొచ్చనుకున్నాడట.

"సముద్రం మధ్యలో అయితే నేను ఎక్కడికీ వెళ్ళలేనని కదూ?"

కాదన్నాడు. కాదంటూ గుడ్డని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. నాకు అరవాలని కూడా లేదు. అక్టోబరు నుంచి నేను ఉతికిన చెడ్డీలన్నీ కళ్ళ ముందు వరసగా తీగ మీద ఆరేసినట్టు కనిపించాయి. ఆ మధ్యాహ్నాల కోసం పిల్లాణ్ణి అంతలా వేధించాను. ఆ మధ్యాహ్నాల్లో మాట్లాడుకోవడానికి మొదట్నుంచీ ఏమీ లేదు.

లోపలికెళ్ళి కోబీ పక్కన పడుకున్నాను. బబ్బ చేతికిచ్చి, డైపర్ వేసుకున్నా ఓడ ఎక్కొచ్చు, నానమ్మ తెలీక అంది అన్నాను.

"నువ్వు?" అన్నాడు.

"నేనూ. నువ్వూ నేనూ ఒకే ఓడ."

"ఒకే గది?"

ఒకే గది అన్నాను. అదే మళ్ళీ మళ్ళీ అడిగించుకున్నాడు, మళ్ళీ మళ్ళీ చెప్పాను. తరవాత గుడ్డ అంచు ముక్కుకి ఆనించుకుని, నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయాడు.

*

శుక్రవారం బెవ్ వచ్చి పాటీ సంగతి అడిగింది. వాడికి డైపరే వేస్తున్నామని చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, తొమ్మిది రాత్రులూ పిల్లాణ్ణి చంకనేసుకుని తిరుగుతావా, ఇంకెందుకు ఓడ ఎక్కడం, ఇంట్లోనే కూర్చుంటే పోలా అంది. గ్లెన్ వాళ్ళ నాన్న రొయ్యల పడవ మీద నెలల తరబడి వెళ్ళిపోతే ముగ్గుర్నీ ఒక్కదాన్నే పెంచాను, ఏమైంది, ఎవరికేం తక్కువైంది అంది.

"ఏం కాలేదు బెవ్," అన్నాను. "గ్లెన్ అచ్చం వాళ్ళ నాన్నలాగే తయారయ్యాడు, అంతే."

గ్లెన్ సింకు దగ్గర కప్పు కడుగుతున్నాడు. వెనక్కి తిరగలేదు. బెవ్ కొడుకు వీపు వైపు చూసింది. లేచి, ఫ్రిజ్ మీది కొక్కేలు ఒక్కొక్కటే పీకి సంచిలో వేసుకుంది. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ అలాంటివి చేసే మనిషి కాదు.

ఆ రెండు రోజులూ నేనూ గ్లెన్ పొడి మాటలే మాట్లాడుకున్నాం. మందులు పెట్టావా, పెట్టాను. గ్యాస్ కట్టావా, కట్టాను. మాకది అలవాటే. ఏదీ తేలకపోయినా మా ఇంట్లో పనులు జరిగిపోతాయి.

శనివారం పొద్దున బెవ్‌తో కలిసి పెద్ద టాక్సీలో రేవుకి వెళ్ళాం. దారంతా టిల్లీ ఓడ కనిపిస్తోందా అని అడుగుతూనే ఉంది. కనిపించాక మాత్రం మాట పోయింది. అది ఓడలా లేదు, పెద్ద హోటల్‌ని నీళ్ళ పక్కన నిలబెట్టినట్టుంది. తలుపుల ముందు కార్లు ఆగి మనుషుల్ని దింపి వెంటనే కదిలిపోవాలి. పసుపు కోటు వేసుకున్న మనిషి చేతులూపుతూ తొందర పెడుతున్నాడు. గ్లెన్ పెట్టెలు దింపి బండి మీద పేర్చాడు. టాక్సీ వెళ్ళిపోయింది. తను పేవ్‌మెంట్ అంచున, భుజానికి బ్యాగుతో నిలబడ్డాడు.

కోబీ బబ్బని మెడ చుట్టూ వేసుకుని, పసుపు కోటు మనిషిని చూశాడు, ఆగుతున్న కార్లని చూశాడు, వాళ్ళ నాన్న భుజం మీది బ్యాగుని చూశాడు. నెమ్మదిగా నా చెయ్యి వదిలి గ్లెన్ దగ్గరికి వెళ్ళి చేతులు పైకెత్తాడు. గ్లెన్ సంతోషంగా ఎత్తుకున్నాడు. వాడు ఈ బుగ్గ మీద ఒక ముద్దు, ఆ బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి, కిందికి జారి దిగిపోయాడు.

"బై నాన్నా," అన్నాడు. "జాగ్రత్తగా వెళ్ళు."

తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుని, తలుపుల వైపు లాగుతూ, పదమ్మా అన్నాడు. ఏడవలేదు. వెనక్కి కూడా చూడలేదు. బాగా అలవాటైన పని ముగించుకొచ్చినట్టు నడిచాడు.

టిల్లీ పకపకా నవ్వింది. బెవ్ నవ్వలేదు. తన చేతిసంచి జిప్పు తీసి, వేసి, మళ్ళీ తీసింది.

గ్లెన్ బ్యాగు కింద పడేసి మా దగ్గరికి వచ్చాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు, పసుపు కోటు మనిషి దారి వదలమని ఏదో అంటున్నాడు. గ్లెన్ అవేవీ పట్టించుకోకుండా కోబీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేనూ వస్తున్నాను కోబీ. ఎక్కడికీ వెళ్ళట్లేదు. మీ దగ్గరే ఉంటాను."

కోబీ నమ్మలేదు. నిజమేనా అన్నట్టు తల పైకెత్తి నా మొహంలోకి చూశాడు. మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే గ్లెన్ కూడా నా మొహంలోకే చూశాడు, నేనేం చెబుతానో అని.